ఈ మొక్క తల్లి ఎక్కడుంది?

రాజంపేట

శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండల చుట్టుపక్కల ఊళ్లలో పుట్టి పెరిగిన చిరంజీవులకు ఆశీర్వదించి వ్రాయునది.

మీలో కొందరు డిగ్రీలో బోటనీ చదువుతున్నారు. కొందరు అటవీశాఖలో కొత్తగా బీట్ ఆఫీసర్లుగా చేరారు. కొందరు అమ్మానాన్నలతో కలిసి నర్సరీలు నడుపుతున్నారు. మరికొందరు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, సముద్రాల అవతలో ప్రయోగశాలల్లో డీఎన్ఏ మీద పనిచేస్తూ సంక్రాంతికి మాత్రం ఊరికొచ్చి పోతున్నారు. అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. నేను చెప్పబోయే పనిలో మీకు తలా ఒక పాలు ఉంది. ఎవరు తప్పుకున్నా ఆ పని సాగదు.

ఎర్రచందనం అనగానే మన కళ్ల ముందు పేపర్లో ఫోటో మెదులుతుంది. వరసగా పేర్చిన దుంగలు, వాటి వెనక పోలీసులు, పక్కన తలలు వంచుకుని కూర్చున్న కూలీలు. ఇన్ని దుంగలు, ఇన్ని టన్నులు, ఇన్ని కోట్లు. వినీ వినీ, ఆ చెట్టంటే బరువూ ధరా అన్న చూపే మనకు అలవాటైపోయింది. కాపాడేవాళ్ల లెక్కలు కూడా అదే దారిలో నడుస్తున్నాయి. ఇన్ని లక్షల మొక్కలు పంచాం, ఇన్ని హెక్టార్లలో నాటాం అంటున్నారు. నరికినవి తీసేసి నాటినవి కలిపితే లెక్క సరిపోతుందని అందరూ అనుకుంటున్నారు. సరిపోదు. ఎందుకు సరిపోదో మీ మనసుకు ఎక్కేలా చెప్పాలన్నదే నా తాపత్రయం.

ముందు చెట్టు సంగతి చెబుతాను. టెరోకార్పస్ శాంటాలినస్ అని శాస్త్రనామం. చిక్కుడు, కంది, వేరుశనగలున్న కుటుంబమే దీనిదీ. గంధపు చెట్టుతో దీనికి చుట్టరికం లేదు. మన కొండల్లోనే పెరిగే వేగిస దీని దగ్గరి బంధువు. తూర్పు కనుమల దక్షిణ కొసలో, పాత కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాల కొండల్లో ప్రధానంగానూ, ప్రకాశం, కర్నూలు వైపు కొంతా, తమిళనాడు సరిహద్దుల్లో కాస్తా ఉంటుంది. సహజంగా పెరిగే చోటు ప్రపంచం మొత్తం మీద ఇదొక్కటే. నీళ్లు నిలవని గులకనేల, పలకరాళ్ల వాలు, ముఖం మాడ్చే ఎండ, ఈశాన్య రుతుపవనం తెచ్చే నాలుగు వానలు ఉంటే చాలు, బతుకుతుంది. అయితే నిదానంగా బతుకుతుంది. లోపలి ఎర్రటి చేవ మొదలవడానికే పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. దుంగ నీళ్లలో మునిగేంత గట్టి చేవ కట్టాలంటే మనిషి ఒక జీవితకాలం ఆగాలి.

ఆ చేవ కోసం ప్రపంచం చాలా కాలంగా మన కొండల వైపు చూస్తోంది. ఐరోపావాళ్లు కోరమాండల్ తీరం నుంచి ఈ చెక్కను ఓడలకెక్కించి బట్టల రంగుకు వాడుకున్నారు. ఎరుపుకు కారణమైన పదార్థం శాంటాలిన్. రసాయన రంగులు వచ్చాక ఆ గిరాకీ తగ్గింది. మరో వైపు జపాన్‌లో షామిసెన్ అనే తంత్రీవాద్యం మెడకు ఇదే చెక్క మేలిరకమైంది. చైనాలో రాజుల కాలం నాటి ఎర్ర కలప సామాను మోజు కొత్త సంపన్నులకు సంక్రమించింది. మన ఇళ్లలో మాత్రం రక్తచందనం చెక్కను సానమీద అరగదీసి వాపుకు పట్టు వేయడం, తిరుపతి నుంచి ఎర్రచందనం బొమ్మల జంట తెచ్చుకోవడం, అంతే. మనం గీరి వాడుకున్న దాన్ని బయటివాళ్లు టన్నుల్లో అడిగారు.

1995లో అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందం, అంటే సైటీస్, ఈ చెట్టును రెండో అనుబంధంలో చేర్చింది. ఐయూసీఎన్ ఎర్రజాబితా దీన్ని 2018లో కాస్త తక్కువ ముప్పున్న వర్గంలోకి మార్చి, 2021 అంచనాలో మళ్లీ అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల్లో పెట్టింది. శేషాచలం కొండలను 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. చట్టాలు బిగిశాయి, ప్రత్యేక దళాలు వచ్చాయి. మనుషుల ప్రాణాలూ పోయాయి. 2013 డిసెంబరులో ఇద్దరు అటవీ ఉద్యోగులను తిరుమల కొండల్లో చంపేశారు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో కాల్పుల్లో ఇరవై మంది చనిపోయారు. వాళ్లు తమిళనాడు పల్లెల నుంచి వచ్చిన పేదలు. ఇంత రక్తం చూసిన చెట్టు విషయంలో మనం చేసే పని పైపైన ఉండకూడదు. అందుకే చెట్టు లోపలికి, దాని వంశంలోకి చూడమని అడుగుతున్నాను.

ఎండలు ముదిరి కొండ మొత్తం బోడిగా ఉన్నప్పుడు ఎర్రచందనం పూస్తుంది. చెట్టంతా పసుపుపచ్చని సువాసన పూలు. ఒక్కో పువ్వు బతుకు ఒక్క రోజు. ఉన్న కొద్ది రోజుల్లోనే కొండతేనెటీగలు, చిన్న తేనెటీగలు చెట్టు నుంచి చెట్టుకు తిరిగి పుప్పొడి మోయాలి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు చెందిన ఎ.జె. సాల్మన్ రాజు, ఎస్. పూర్ణచంద్రరావు 2002లో ప్రచురించిన పరిశోధనలో ఈ పూత తీరును వివరంగా రాశారు. పూసిన పూలతో పోలిస్తే కాయ పట్టేవి చాలా కొద్ది. తన పుప్పొడి తనకే తగిలితే కట్టే పిందెల్లో చాలావాటిని చెట్టు నిలవనివ్వదు. మరో చెట్టు పుప్పొడి అందితే కాయ నిలుస్తుంది. చెట్టు తన సంతానం కోసం పరాయి వంశాన్ని వెతుక్కుంటోందన్న మాట.

ఆ వెతుకులాట ఎందుకంటే, ఒక్కో చెట్టులోనూ ప్రతి జన్యువుకు రెండు ప్రతులుంటాయి. ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. ఒక ప్రతిలో లోపమున్నా రెండోది సరిగా ఉంటే చెట్టు నిలదొక్కుకుంటుంది. తల్లీ తండ్రీ ఒకే కుదురు నుంచి వచ్చినవైతే అదే లోపం రెండు వైపుల నుంచీ వచ్చి పడుతుంది. మేనరికం మీద మేనరికం చేసుకుంటూ పోయిన ఇళ్లలో ఏమవుతుందో రాయలసీమవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. చెట్లకూ అంతే. గింజ మొలవదు. మొలిచినా మొక్క ఈసురోమంటుంది. కరువు వస్తే ముందు అదే పోతుంది.

కాయ సంగతీ చూడండి. గుండ్రంగా, బల్లపరుపుగా, చుట్టూ రెక్కతో ఉంటుంది. లోపల మామూలుగా ఒకే గింజ. రెక్క ఉన్నా గాలి దాన్ని కొండలు దాటించలేదు. చాలా కాయలు తల్లి చుట్టుపక్కలే రాలుతాయి. నరికిన మోడు నుంచి పిలకలూ వస్తాయి. అందువల్ల అడవిలో ఒకేచోట గుంపుగా ఉన్న ఎర్రచందనాలు చాలావరకు అక్కచెల్లెళ్లో, ఒకే మోడు పిలకలో అయి ఉంటాయి. మన కంటికి యాభై చెట్లు కనిపిస్తాయి. వంశం లెక్కన చూస్తే అవి ఆరేడు కుటుంబాలే కావచ్చు.

ఇక్కడ కాస్త లెక్క చెబుతాను, విసుక్కోకండి. ఒక గుంపులో సంతానంలో నిజంగా పాలుపంచుకునే చెట్లు ఎన్నో, దాన్ని రెట్టింపు చేసి, ఒకటిని ఆ సంఖ్యతో భాగించండి. ఒక్కో తరంలో ఆ గుంపు పోగొట్టుకునే వైవిధ్యం అంత. యాభై చెట్లయితే తరానికి 1 శాతం. పది చెట్లే అయితే తరానికి 5 శాతం. పది తరాలు గడిచేసరికి మొదటి గుంపు పదో వంతు పోగొట్టుకుంటుంది, రెండోది పదింట నాలుగు వంతులు. 1980లో ఫ్రాంక్లిన్ అనే జన్యుశాస్త్రవేత్త దగ్గరి సంబంధాల బెడద నుంచి తాత్కాలికంగా గట్టెక్కడానికి యాభై, దీర్ఘకాలం మారే పరిస్థితులకు తట్టుకుని నిలవడానికి అయిదువందలు ఉండాలని సూచించాడు. ఆ సంఖ్యల మీద తర్వాత చర్చ జరిగింది, ఇంకా ఎక్కువే కావాలని చాలామంది అన్నారు. మొత్తానికి అర్థం చేసుకోవలసింది ఇది: అడవిలో నిలబడ్డ చెట్ల సంఖ్యకూ, సంతానంలో పాలుపంచుకునే చెట్ల సంఖ్యకూ చాలా తేడా ఉంటుంది. మనం మొదటిది లెక్కపెట్టి రెండోది ఉందనుకుంటున్నాం.

గొడ్డలి అడవిలోకి వెళ్లినప్పుడు ఏం చేస్తుందో ఇప్పుడు ఆలోచించండి. మేస్త్రీ పంపిన కూలీ వంకర చెట్టును నరకడు. కాండం మీద గాటు పెట్టి చేవ చూస్తాడు. నిటారుగా పెరిగి, లావెక్కి, లోపల చేవ నిండిన చెట్టును పడేస్తాడు. సన్నవాటిని, వంకరవాటిని, చేవ పట్టనివాటిని వదిలేస్తాడు. చెక్కలో అలల్లాంటి గీతలు తేలిన దుంగకైతే ధర ఇంకా ఎక్కువ. ఇలా ఏళ్ల తరబడి మేలైనవి పోతూ ఉంటే రేపటి గింజ ఎవరిది? మిగిలిన వాటిది. రైతు తన పొలంలో మంచి కంకులను విత్తనానికి దాచుకుంటాడు. మన అడవుల్లో దానికి సరిగ్గా ఎదురు జరుగుతోంది. దొంగతనంలో పోయేది ఆ రోజు దుంగ విలువ ఒక్కటే అని లెక్కేయకండి. ఆ చెట్టు ఇంకో వందేళ్లు ఇచ్చే గింజ, ఆ గింజలో ఉండే గుణం పోతున్నాయి. ఏ వేలంపాటలోనూ ఆ నష్టానికి ధర కట్టలేదు.

దీనికి తోడు చెట్లు విడిపోతున్నాయి. ఒకప్పుడు కొండకూ కొండకూ మధ్య చిట్టడవి ఉండేది, తేనెటీగలకు దారి ఉండేది. ఇప్పుడు మధ్యలో రోడ్లు, రిజర్వాయర్లు, మందు కొట్టే తోటలు వచ్చాయి. పెన్నకు ఆ పక్క లంకమల చెట్టు పుప్పొడి, ఈ పక్క పాలకొండల చెట్టుకు అందేది ఏ కాలానికో. అడవికి ఏటా పెట్టే మంటలు నేల మీది మొలకలను ముందే కాల్చేస్తున్నాయి. పెద్ద చెట్లు కనిపిస్తాయి, పిల్ల చెట్లు కనిపించవు. మీలో అడవికి వెళ్లేవాళ్లు ఈ సంగతి నాకంటే బాగా చూసి ఉంటారు.

అయినా నేను ఈ ఉత్తరం నిరాశతో రాయడం లేదు. దీర్ఘాయువు గల చెట్లలో ఒక మేలుంది. ఈ రోజు మన కొండల మీద నిలబడ్డ ముసలి చెట్లు ఈ దోపిడీ ఉధృతం కాకముందు పుట్టినవి. కొండలన్నీ కలిసి ఉన్న కాలపు వైవిధ్యం ఇంకా వాటిలో దాగి ఉంది. నష్టం తాత చెట్టులో కనపడదు, మనవడి మొలకలో కనిపిస్తుంది. అందుకే జన్యుశాస్త్రం తెలిసినవాళ్లు పెద్ద చెట్ల ఆకులూ, వాటి కిందనున్న మొలకల ఆకులూ విడివిడిగా సేకరించి పోల్చి చూస్తారు. పెద్దవాటిలో వైవిధ్యం బాగుండి మొలకల్లో తగ్గితే, జబ్బు మొదలైందని అర్థం, మందుకు ఇంకా సమయం ఉందని కూడా అర్థం. ఆ ముసలి చెట్లు పోయాక ఏ పద్ధతిలోనూ ఆ వైవిధ్యాన్ని తిరిగి తయారు చేయలేం. మీ తరానికి దొరికిన గడువు ఆ చెట్ల ఆయుష్షంత.

ప్రయోగశాలల్లో ఉన్నవాళ్లకు ఒక మాట. మీ చేతిలో ఉన్న సాధనాలు మా కాలంలో కలలో కూడా లేవు. డీఎన్ఏలో రెండు మూడు అక్షరాలు పదేపదే వచ్చే చోట్లుంటాయి. వాటిని మైక్రోశాటిలైట్లు అంటారని మీకు తెలుసు. ఆ అక్షరాలు ఎన్నిసార్లు వచ్చాయన్నది చెట్టుకూ చెట్టుకూ మారుతుంది కాబట్టి, ఏ మొలకకు ఏ చెట్టు తండ్రో పట్టుకోవచ్చు. పుప్పొడి ఎంత దూరం ప్రయాణించిందో కొలవవచ్చు. పూల మొక్కల్లో ఎక్కువవాటికి హరితరేణువుల్లోని డీఎన్ఏ తల్లి నుంచే వస్తుంది గనుక, గింజ ఎక్కడి నుంచి ఎక్కడికి చేరిందో దాన్ని బట్టి తెలుస్తుంది. ఈ రెండూ కలిపి చదివితే ఏ కొండ చెట్లు ఏ కొండ చెట్లకు దగ్గరో, ఏవి ఒంటరి అయ్యాయో పటం గీయవచ్చు. బ్రెజిల్ దేశపు అట్లాంటిక్ తీర అడవుల్లో పావ్-బ్రసీల్ అనే చెట్టుంది. అదీ ఎర్ర రంగు కోసమే ఐరోపా ఓడలకెక్కి చితికిపోయిన చెట్టు. పైకి ఒకే జాతి అనుకున్న ఆ చెట్టు డీఎన్ఏ చూస్తే ప్రాంతానికొక వంశంగా విడిపోయి ఉందని అక్కడి పరిశోధనలు చూపించాయి. ఒక ప్రాంతపు చెట్లను కాపాడి మొత్తం జాతిని కాపాడామనుకోవడం కుదరదని వాళ్లకు తెలిసొచ్చింది. మన దగ్గరా కొండ కొండకూ ఆ పటం కావాలి.

అదే పటం దొంగను పట్టించడానికీ పనికొస్తుంది. హైదరాబాదులో సీసీఎంబీవారి లాకోన్స్ ప్రయోగశాల మాంసం ముక్క, చర్మం ముక్క చూసి అది ఏ జంతువుదో తేల్చి కోర్టులకు చెబుతూ వస్తోంది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు ఒలింపిక్ జాతీయ అడవిలో దొంగతనంగా నరికిన మేపుల్ చెట్ల కేసులో, అమ్మిన చెక్క ఆ మోళ్లదేనని డీఎన్ఏతో నిరూపించారు. 2021లో ఫెడరల్ కోర్టు విచారణలో ఆ సాక్ష్యం నిలిచింది. మన చెట్టు విషయంలో కష్టం లేకపోలేదు. చేవ అంటే చచ్చిన కణాలు, దానిలోని రంగు పదార్థాలు డీఎన్ఏ పరీక్షకు అడ్డుపడతాయి. దుంగ మీద కొంచెమైనా తెల్ల చెక్క, బెరడు మిగిలితే పని తేలిక. ఆఫ్రికా నుంచి వచ్చే దీని బంధువుల చెక్క కూడా బజారులో తిరుగుతోంది కాబట్టి జాతిని తేల్చడం ఒక పని, కొండను తేల్చడం మరో పని. ఈ రెండూ సాధిస్తే, పట్టా భూమిలో నిజాయితీగా పెంచుకున్న రైతు దుంగకూ, అడవి నుంచి తెచ్చిన దుంగకూ తేడా చెప్పవచ్చు. ఈ రోజు ఆ తేడా చెప్పలేకనే రైతు అనుమానానికి గురవుతున్నాడు, దొంగ రైతు చాటున దాక్కుంటున్నాడు.

ఇప్పుడు నర్సరీ నడిపే పిల్లలకు. నా మాటల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది మీకే చెప్పాలి. నేను ఒకచోట వేల సంచుల్లో ఎర్రచందనం మొక్కలు పెంచుతుండగా చూశాను. పచ్చగా, ఒకే ఎత్తులో, చూడముచ్చటగా ఉన్నాయి. గింజ ఎక్కడిదని అడిగితే రోడ్డు పక్క ఉన్న ఒక చెట్టును చూపించారు. ఎక్కడానికి వీలుగా ఉంటుంది, కాయలు బాగా కాస్తుంది, ఏటా దాని నుంచే తెస్తాం అన్నారు. అవి మొక్కలన్న మాట నిజమే, అడవి మాత్రం కాదు. ఒక్క తల్లి బిడ్డలు అవి. వాటిని తీసుకెళ్లి కొండ మీద నాటితే, రేపు అవి పూసినప్పుడు తేనెటీగ ఏ చెట్టు మీద వాలినా తోబుట్టువు మీదే వాలుతుంది. టిష్యూకల్చర్‌తో ఒకే మేలైన చెట్టు నకళ్లను లక్షల్లో తీసి నాటినా అంతే, అంతకన్నా ఎక్కువే. చెక్క కోసం సొంత పొలంలో వేసుకునే రైతుకు అది తప్పు కాదు. అడవిని తిరిగి నిలబెట్టడానికి మాత్రం పనికిరాదు. పక్కనున్న అడవిలోని చెట్లకు ఆ తోట పుప్పొడి ముంచెత్తితే అక్కడి వైవిధ్యమూ పలచబడుతుంది.

మరి ఎన్ని తల్లులు కావాలి? ఈ లెక్కా కష్టమైనది కాదు. చుట్టరికం లేని 30 చెట్లను తీసుకుంటే ఒక్కో జన్యువుకు 60 ప్రతులు చేతికొస్తాయి. ఆ అడవిలో నూటికి అయిదు ప్రతుల్లో మాత్రమే కనిపించే అరుదైన రూపం కూడా ఆ అరవైలో కనీసం ఒకసారైనా దొరికే అవకాశం 95 శాతం. 30కి బదులు 50 తల్లులైతే ఇంకా మేలు. చెట్టుకూ చెట్టుకూ మధ్య వంద మీటర్లయినా ఎడం ఉంటే అక్కచెల్లెళ్లను ఏరుకునే ప్రమాదం తగ్గుతుంది. ఒక్కో తల్లి నుంచి దాదాపు సమానంగా గింజ తీయండి. బాగా కాసిందని ఒకే చెట్టు కాయలతో సంచి నింపకండి. ఏ కొండ గింజను ఆ కొండకే ముందు వాడండి. లంకమల ఎండకు తట్టుకున్న వంశం వేరు, తలకోన వైపు కాస్త తేమకు అలవాటైన వంశం వేరు కావచ్చు. వాటిని పక్కపక్కన నాటి, ఎన్నేళ్లకు చేవ కడుతున్నాయో, కరువుకు ఏవి తట్టుకుంటున్నాయో చూసే తోటలు వేరుగా పెట్టాలి. బెంగళూరు, కోయంబత్తూరుల్లోని అటవీ పరిశోధన సంస్థలు ఇలాంటి పనిలో అనుభవం ఉన్నవి. వాళ్ల తలుపు తట్టండి. చెక్కలో అలలు రావడంలో వంశం పాలెంత, నేల పాలెంత అన్నదీ అలాంటి తోటలోనే తేలుతుంది.

ప్రతి సంచికీ ఒక చీటీ ఉండాలి. తల్లి చెట్టు సంఖ్య, ఏ బీట్, ఏ నెలలో కాయ కోశారు. ఇంతే. ఇది పెద్ద ఖర్చు కాదు, కాస్త శ్రద్ధ. మొక్క కొనడానికి వచ్చే ప్రతి ఒక్కరూ, పంచే ప్రతి అధికారీ అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ మొక్క తల్లి ఎక్కడుంది? ఆ ప్రశ్న అలవాటైతే సగం పని అయినట్టే.

అటవీశాఖలో చేరిన పిల్లలకు. మీరు రాత్రుళ్లు కొండల్లో తిరుగుతూ ప్రాణాలొడ్డి కాపలా కాస్తున్నారు, మీకు నా నమస్కారం. మీ బీట్‌లో పూతకొచ్చే పెద్ద చెట్లు ఎక్కడున్నాయో మీకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. వాటికి సంఖ్యలివ్వండి, ఏ ఏడు పూసిందో, కాయ పట్టిందో లేదో రాసుకోండి, చుట్టూ మంటలు రాకుండా ముందే గడ్డి తీయించండి. అయితే ఆ పుస్తకాన్ని ప్రాణంలా దాచండి. తల్లి చెట్ల చిరునామాలున్న పటం తప్పుడు చేతిలో పడితే అదే దొంగల దారిపటం అవుతుంది. పరిశోధన పత్రాల్లో రాసేవాళ్లూ సరైన అక్షాంశ రేఖాంశాలు అచ్చు వేయకండి. కొండ పేరు చాలు. జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీల్లో ఉన్న కమిటీలు ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు రాస్తున్నాయి. అందులోనూ చెట్టు గుణాలు, వాడకం, పూత కాలం రాయండి, చెట్టు ఉన్న చోటు మాత్రం రాయకండి.

ఊళ్లలో ఉండి ఏ చదువూ కుదరని అబ్బాయిలకు కూడా ఒక మాట చెప్పాలి. ఒక రాత్రి దుంగల బండి ముందు పైలట్‌గా వెళితే చాలు, వేలిస్తాం అని మిమ్మల్ని ఎవరో ఒకరు పిలుస్తారు. ఆ డబ్బు ఎలాంటి ఇళ్లను ఎలా చేసిందో మీ చుట్టుపక్కలే చూశారు. జైలుకు వెళ్లేది మీరు, గోదాము నింపుకునేది ఎవరో. పట్టుబడిన చెక్క వేలంలో వచ్చిన సొమ్ములో వాటాను జాతీయ జీవవైవిధ్య సంస్థ మన రాష్ట్రానికి ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ సొమ్ములో కొంత చెట్టెక్కి జాగ్రత్తగా కాయ కోసేవాళ్లకు, మంట కాపలా కాసేవాళ్లకు, నర్సరీ పనివాళ్లకు కూలిగా రావాలి. ఆ మాట గ్రామసభలో అడగండి, గట్టిగా అడగండి. అడవి ఎరిగిన కాళ్లు, చెట్టు ఎక్కగల చేతులు మీవి. అవి లేకుండా ఈ పనిలో ఒక్క గింజ కూడా నర్సరీకి చేరదు.

నాయనలారా, తల్లులారా, ఈ చెట్టుకు ఇంకో ఇల్లు లేదు. ఎక్కడో తోటలో పెరిగినా అది అక్కడికి మన కొండల నుంచి వెళ్లిన గింజే. ప్రపంచంలో మరే జాతికీ, మరే దేశానికీ ఈ బాధ్యత లేదు. మనకే ఉంది. చెట్లను లెక్కపెట్టడం మా తరం నేర్పింది. వాటి వంశాలను లెక్కపెట్టడం మీ తరం నేర్చుకోవాలి. వచ్చే కాయల కాలానికల్లా మన కొండల చుట్టూ ఒక్క నర్సరీ అయినా, తన ప్రతి మొక్కకూ తల్లి ఎవరో చీటీ చూపించి చెప్పగలగాలి. ఒకటి మొదలైతే రెండోది దాన్ని చూసి మొదలవుతుంది. ఆ మొదటి నర్సరీ ఎవరిదో మీలో మీరు మాట్లాడుకుని తేల్చుకోండి, కాయ కోసే రోజున నాకు కబురు చేయండి. వస్తాను, చీటీలు రాసిపెడతాను.

మీ చదువులు, మీ ఉద్యోగాలు, మీ నర్సరీలు చల్లగా ఉండాలని కోరుకుంటూ,

మీ పాత బోటనీ మేష్టరు